పెద్దమ్మను పడవెక్కించేదెవరు

మా పెద్దమ్మ గురించి మంచిగా రాయమంటే నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు రాస్తాను. ఆమె దర్జీ. కుట్టదు, బట్ట కత్తిరిస్తుంది. బజారులో అందరూ ఆమెను కత్తెర అనే పిలుస్తారు. అది చేతిలో ఉన్నదాన్ని బట్టి వచ్చిందో, నోట్లో ఉన్నదాన్ని బట్టి వచ్చిందో ఎవరూ అడిగే ధైర్యం చెయ్యలేదు. కుట్టేది మా అమ్మ, అంటే పెద్దమ్మకు సొంత చెల్లెలు. కాజాలూ గుండీలూ నావి. దుకాణం ఒకటే గది. కిటికీ దగ్గర కత్తిరించే బల్ల, గోడ వారగా అమ్మ మిషను, మధ్యలో ఇస్త్రీ బల్ల, దాని పక్కన నేను.

ఆ అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ లేవు. చొక్కా కాలరు వంకరగా ఉందని పెద్దమ్మ నలుగురి ముందు అన్నదట. వంకర నీ బుద్ధిలో ఉందని అమ్మ అన్నదట. ఆ చొక్కా ఎప్పుడో చిరిగి పేలికలై ఉంటుంది, వీళ్ళ పంతానికి మాత్రం చిన్న చిరుగు కూడా పడలేదు. కానీ ఒకే గదిలో పని, ఒకే ఇంట్లో కాపురం. నోరు విప్పక తప్పదు. అందుకని ఇద్దరూ ఇస్త్రీపెట్టెతో మాట్లాడతారు.

"ఇస్త్రీపెట్టా, నల్లదారం అయిపోయిందని చెప్పు."

"ఇస్త్రీపెట్టా, అయిపోయేదాకా ఏం గాడిదలు కాశారో అడుగు."

కొలతలివ్వడానికి కొత్తగా వచ్చినవాళ్ళు బిత్తరపోయి నా వంక చూస్తారు. నేను తల దించుకుని కాజా కుడుతుంటాను. ఏం చెప్పమంటారు?

బట్ట మీద మాత్రం వాళ్ళకు మాటలు అక్కర్లేదు. పెద్దమ్మ సుద్దముక్కతో గీస్తుంది, అమ్మ ఆ గీత మీద కుడుతుంది. ఇంటూ గుర్తు పెడితే అక్కడ జేబు. జంట గీతలు గీస్తే రెండు వరసల కుట్టు. గీత తప్పని తెలిసినా అమ్మ అడగదు. అడిగితే ఓడిపోయినట్టు.

ఇలాంటి పెద్దమ్మ ఒక మధ్యాహ్నం నన్ను కిటికీ దగ్గరకు పిలిచి, చిత్తడి నేలల పార్కు చూడాలి, తీసుకెళ్ళమంది. మా ఊరి నుంచి పూట ప్రయాణం. కనుచూపు మేర నీళ్ళు, రెల్లు, తుంగ, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలే పక్షులు. లోపలికి పడవలో వెళ్ళాలి. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఆ దారిన వెళ్ళిందట.

"బస్సు కిటికీలోంచి చూశాను. అన్నీ ఒక్కసారే లేచాయే. ఆకాశం కనపళ్ళేదు. ఆపమంటే ఆ డ్రైవరు ఆపలేదు, వాడి మొహం మండ."

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?" అన్నాను.

"నీకెందుకు? తీసుకెళ్తావా, లేదా?"

ఎందుకో కొన్నాళ్ళకు తెలిసింది. రోజూ నడిచే గుమ్మానికి భుజం కొట్టుకుని, గుమ్మాన్ని తిట్టడం మొదలుపెట్టింది. బలవంతాన కళ్ళ డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళాను. చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది, ఎదురుగా ఉన్నది మాత్రం కనపడుతోంది, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. బయటికి రాగానే పెద్దమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

"మీ అమ్మ చెవిన పడిందో, నీ తోలు వలుస్తాను. అది నన్ను చూసి అయ్యో అనకూడదు."

పార్కు ఆఫీసుకు ఫోన్ చేశాను. చలి తగ్గితే నీళ్ళు తగ్గుతాయి, పడవలు ఆగిపోతాయి, పక్షులు వెళ్ళిపోతాయి, వచ్చేదేదో త్వరగా రమ్మన్నాడు అక్కడి ఉద్యోగి. చూపు సరిగా లేనివాళ్ళను తోడు లేకుండా పడవ ఎక్కించరని కూడా చెప్పాడు. పెద్దమ్మ ఫోన్ లాక్కుంది.

"నా కళ్ళతో నీకేం పనయ్యా? పడవ నేను తోలుతానన్నానా?"

అతను పెట్టేశాడు. నేనైనా పెట్టేసేవాణ్ణే అని మా ఆయన తర్వాత అన్నాడు.

తోడు ఎవరు? నాకు ఏడో నెల, బస్సు ప్రయాణం వద్దంది డాక్టరమ్మ. మా ఆయన వస్తానంటే, అతని చెయ్యి పట్టుకుని పడవెక్కడం కంటే ఒడ్డునే కూలబడతానంది పెద్దమ్మ. ఇక మిగిలింది అమ్మ.

"అమ్మను అడుగు," అన్నాను.

"దాన్నా? నేనా? చచ్చినా అడగను."

అమ్మ దగ్గరకెళ్ళాను. చూపు సంగతి దాచి, పెద్దమ్మకు పార్కు చూడాలనుంది, తోడు వెళ్ళమన్నాను.

"నోరుందిగా. రమ్మని అడగమను, వెళ్తాను. నువ్వు చెబితే మాత్రం వెళ్ళను."

ఇక చూడండి నా అవస్థ. చలి రోజురోజుకీ తగ్గుతోంది. వీళ్ళేమో రోజంతా ఆ ప్రయాణం గురించే ఇస్త్రీపెట్టెతో పోట్లాట.

"ఇస్త్రీపెట్టా, అక్కడ దోమలు కుడతాయని చెప్పు," అంటుంది అమ్మ.

"కుట్టేవాళ్ళతో ఇన్నేళ్ళు కాపురం చేశానని చెప్పు," అంటుంది పెద్దమ్మ.

ఆ సమయంలోనే వాచ్‌మన్ల చొక్కాల పని వచ్చింది. ముదురు నీలం బట్ట, పెద్ద కట్ట. నాకు నీరసంగా ఉండి కొన్నాళ్ళు దుకాణానికి వెళ్ళలేదు, గుండీలు కూడా అమ్మే కుట్టేసింది. నేను తిరిగి వెళ్ళిన రోజే ఆ వాచ్‌మన్ల సూపర్‌వైజరు వచ్చాడు. ఒక చొక్కా తొడుక్కుని, అలవాటుగా పెన్ను ఎడమ వైపు జేబులో పెట్టబోయాడు. పెన్ను జారి నేల మీద పడింది. అక్కడ జేబు లేదు. జేబు కుడి వైపు ఉంది.

"ఏంటమ్మా ఇది? అద్దంలో చూసి కుట్టారా?"

కట్ట విప్పాడు. అన్నీ అంతే. ఎల్లుండికి సరిచెయ్యకపోతే ఈ దుకాణం గడప తొక్కనని, మా ముఖానే చొక్కా విసిరికొట్టి పోయాడు.

"ఇస్త్రీపెట్టా," అంది పెద్దమ్మ, "ఇన్నేళ్ళు మిషను తొక్కినదానికి ఎడమేదో కుడేదో తెలియలేదా అని అడుగు."

అమ్మ కుట్టకుండా మిగిలిన చొక్కా ముందు ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఇస్త్రీపెట్టా, ఇంటూ గుర్తు ఎవరు పెట్టారో చూసుకోమను."

పెద్దమ్మ ఆ ముక్కను కళ్ళకు ఎదురుగా పట్టుకుంది. తిప్పింది. మళ్ళీ తిప్పింది. పక్కనున్న ముక్క కనపడక కుడిదాన్నే ఎడమదనుకుని గీసేసిందని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. సుద్ద అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుంది. ఆ నోరు అలా మూతపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

ఆ భయమంతా అమ్మ మీద చూపించాను.

"తెలిసే కుట్టావా? ప్రతి చొక్కా?"

"తెలిసే కుట్టాను. తప్పు నాదేనని ఒక్కసారైనా అంటుందేమోనని కుట్టాను."

"కనపళ్ళేదమ్మా ఆమెకి! పక్కలు కనపడవు. ఉన్న చూపు కూడా పోతుందన్నాడు డాక్టరు. ఆ పార్కు గోల అందుకే!"

పెద్దమ్మ కత్తెరను బల్ల మీద కొట్టింది.

"ఒట్టు వేశావా, లేదా? నీ కడుపులో ఒక్క మాట ఆగదు, ఆ బిడ్డ తొమ్మిది నెలలు ఎలా ఆగుతుందే?"

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పైనున్న చొక్కా ఒళ్ళోకి లాక్కుని, బ్లేడుతో జేబు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. సగం విప్పాక తలెత్తి, ఇస్త్రీపెట్టె వైపు కాదు, తిన్నగా అక్క ముఖంలోకి చూసింది.

"బుధవారం పొద్దున బస్సుంది. వస్తాను."

"జాలిపడేవాళ్ళ తోడు నాకక్కర్లేదు," అంది పెద్దమ్మ. ఆమె కూడా ఇస్త్రీపెట్టెను మరిచిపోయింది.

"జాలా? నీ మీదా? నువ్వు కాలుజారి బురదలో పడితే కళ్ళారా చూద్దామని వస్తున్నా."

పెద్దమ్మ తల మొత్తం తిప్పి చెల్లెల్ని పరీక్షగా చూసింది. ఆ ముఖంలో అయ్యో అన్నది ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టుంది. దొరకలేదు.

"అలా అయితే సరే," అంది.

ఇంతే. ఇంత సులువైన పనికి నా చిన్నతనమంతా నన్ను మధ్యలో నిలబెట్టారు. ఇద్దరినీ పట్టుకుని చెరొకటి పీకాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ వాళ్ళకు కనపడనివ్వలేదు. ముగ్గురం కూర్చుని జేబులు విప్పుతున్నాం. వాళ్ళు నాకొక్క మాట మిగల్చకుండా కొట్లాడుకుంటున్నారు. శాలువాలు ఎందుకంటారు ఒకరు, చలికి చస్తావంటారు ఇంకొకరు. బస్సులో కిటికీ పక్క సీటు గురించి పెద్ద యుద్ధమే జరిగింది. అమ్మ ఓడిపోయింది, ఓడినందుకు దారం కండె నా మీదకు విసిరింది.

కాసేపటికి పెద్దమ్మ చేతిలో బ్లేడు ఆగింది.

"ఆ పిట్టలు ఏ పక్క నుంచి లేస్తాయో తెలియదు," అంది. "నాకు ఎదురుగా ఉన్నదే కనపడుతుంది."

అమ్మ తలెత్తలేదు. "అయితే?"

"అయితే ఏముంది? నువ్వు ముందే చూసి, నా తల అటు తిప్పాలి."

ఆమె అమ్మను ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదలు. అమ్మ నోట్లోని దారం కొసను కొరికి ఊసింది.

"మెత్తగా తిప్పనని ఇప్పుడే చెబుతున్నా."

"మెత్తగా తిప్పమని ఎవరడిగారు? ఆలస్యం చెయ్యకు, అంతే."