అవ్వ అప్పజెప్పిన పాఠం

ఈ ఉదయం మా చెల్లెలి కూతురు ఫోన్లో కాలేజీ క్లాసు పెట్టి, దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, తాను తలస్నానానికి వెళ్లిపోయింది. తెరమీద ఆమె పేరు పక్కన పచ్చచుక్క మాత్రం బుద్ధిగా వెలుగుతూ కూర్చుంది. నవ్వుకుంటుంటే దేవరకొండ పక్కన మా ఊళ్లో కరోనా రోజులు గుర్తొచ్చాయి.

బడులు మూసి, టీవీలో పాఠాలు చెప్పిన కాలం అది. చదువు పదితో ఆగినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నదాన్ని కనుక, పిల్లలు పాఠం చూస్తున్నారో లేదో కనుక్కునే పని పెద్ద టీచరమ్మ నాకు అప్పగించింది. ఇంటింటికీ ఫోన్ చేసేదాన్ని. మేకలు పెంచుకునే ఒక ఇంట్లో ఎప్పుడు చేసినా అవ్వే ఎత్తి, "బడి నడుస్తాంది బిడ్డా" అనేది. వెనక పంతులు గొంతు వినబడేది, నేను హాజరు వేసేదాన్ని. ఒక్కనాడూ తప్పని ఆ హాజరే నాకు అనుమానం తెచ్చింది. అంత నిండైన లెక్క మనుషులది కాదు. వెళ్లి చూస్తే టీవీ ముందు అవ్వ ఒక్కతే మఠం వేసుకుని కూర్చుంది. కొడుకు కాలు విరిగి మంచం పట్టడంతో, ఏడో తరగతి చదివే మనవరాలు మేకల వెంట పోతోంది.

"పేరు కొట్టెయ్యకు బిడ్డా. పేరు పోతే వాళ్ల బాపు దాన్ని ఇగ మేకల ఎంటనే తోలుతడు. పొద్దుమీకి నేను అప్పజెప్తున్న గద!"

పాఠం అప్పజెప్పడమంటే మా చిన్నప్పుడు పిల్లలు పంతులుకు చేసే పని. ఇదేమిటో చూద్దామని పొద్దుగూకేదాకా ఆగాను. పిల్ల మేకలను దొడ్లోకి తోలి వచ్చి కూర్చోగానే అవ్వ మొదలుపెట్టింది.

"ఆకు ఎండను తిని అన్నం వండుకుంటదట."

"తినదే అవ్వా, పట్టుకుంటది."

"పట్టుకోకుంట ఎట్ల తింటదే, పిచ్చిదానా!"

పిల్ల పకపకా నవ్వి, ఆకు ఏం తీసుకుంటుందో, ఏం వదులుతుందో మేకల వెంట తీసుకుపోయి చదువుకున్న పుస్తకం తెరవకుండానే అవ్వకు విడమరిచి చెప్పింది. టీవీ ముందు కూర్చున్న పిల్లలే చాలామంది అంత చెప్పలేకపోయేవారు. నేను పేరు కొట్టెయ్యలేదు. అదే సరైన లెక్క అని ఇప్పటికీ అంటాను. మర్నాటి నుంచి ఎవరినీ "చూసినవా" అనలేదు, "ఏం చెప్పిండ్రు" అనే అడిగాను.

తర్వాత బడులు తెరిచారు, బాపు కాలు నయమై మళ్లీ మేకల వెంట పోయాడు, పిల్ల బడికి పోయింది. ఇప్పుడు దేవరకొండలో కాలేజీ. అవ్వ మాత్రం చాలా రోజులు అదే వేళకు టీవీ పెట్టుకుని కూర్చునేదట, పాఠానికి బదులు పాటలు వచ్చేవట. ఊరందరికీ బడి తెరిచిన నాడు ఆమె ఒక్కదానికే మూతపడింది. నేను వేసిన ఏ హాజరులోనూ ఆమె పేరు లేదు.