ఊట దగ్గర శుక్రవారం

మా అనంతగిరి కొండల మీద శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలైందని క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. ఊట సన్నబడుతుంది. ఒక యేడాది మరీ సన్నబడిపోయింది. చీకటితో బిందె పట్టుకుని వెళ్ళేసరికి నాకన్నా ముందు ఒక ఎలుగుబంటి వరసలో నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. మా వీధి ఆడవాళ్ళెవరూ ఇన్నేళ్ళలో నాకు ఆ మర్యాద చూపలేదు. ఇది అబద్ధమని మా అత్త అంటుంది. ఎలుగుబంటిని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

అబద్ధం కానిది ఇప్పుడు చెబుతాను.

మా ఊళ్ళో కొన్ని ఇళ్ళు చర్చివి, కొన్ని ఇళ్ళు కొండదేవతవి. ఊట ఒక్కటే. చైత్రం పండగకు ముందు అందరం దిగి ఊట గుంటలో పేరుకున్న మట్టీ ఆకులూ ఎత్తిపోస్తే తప్ప ఎండాకాలం గడవదు. మట్టి తీసేముందు దిసారి, అంటే ఊరి పూజలూ ముహూర్తాలూ చూసే పెద్దమనిషి, అక్కడ కోడిని కోస్తాడు. అది అయ్యేదాకా చర్చివాళ్ళం ఈవల బండ మీద కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళం. అయిపోయాక ఆయన ఇటు తిరిగి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గుకి టైడా స్టేషన్లో గూడ్సుబండ్లు ఆగిపోయిన రోజులున్నాయి. అది వినగానే మేం పారలు పట్టుకుని దిగేవాళ్ళం. తాతల నాటి ఒప్పందం. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు.

మొన్నటి శ్రమకాలానికి ముందు కింద మైదానం నుంచి మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. కుర్రాయన, మంచి గొంతు. మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆత్మ దప్పిక గురించి వాక్యం చెప్పారు. బావి దగ్గర ప్రభువు నీళ్ళడగడం, సిలువ మీద ఆయన నాలుక ఎండిపోవడం ఆయన చెబుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. తర్వాత అదే గొంతుతో, కోడి రక్తం పడిన ఊటలో విశ్వాసులు చెయ్యి పెట్టకూడదన్నారు. పెట్టినవాళ్ళకి ఈస్టరునాడు బల్ల లేదన్నారు.

బల్ల అంటే ప్రభువు పేర రొట్టె తిని, ద్రాక్షారసం తాగే సంస్కారం. నేను దేని మీదైనా కథలల్లుతాను గానీ దాని మీద అల్లను. నా పెనిమిటి చనిపోయిన యేడు నాకు అన్నం సహించలేదు, ఓదార్పు మాటలు అసలే సహించలేదు. ఆ రొట్టెముక్క ఒక్కటే గొంతు దిగింది. దాన్ని పట్టుకునే మళ్ళీ లేచాను.

అయినా ఊటకి వెళ్ళాను.

దిసారి ముహూర్తం పెట్టిన రోజు కూడా శుక్రవారమే పడింది. చర్చివాళ్ళంతా తలుపులు మూసుకుని ఇళ్ళలో కూర్చున్నారు. గుమ్మం దగ్గర మా అత్త నా పార పట్టుకుని ఆపింది. "బల్ల పోతాదే గుంటా, ఇను" అంది. "ఊట పోతేనో?" అన్నాను. పార వదిలేసింది. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది.

బండ మీద ఒక్కదాన్నే కూర్చుని పాడాను. ఒక్క గొంతు ఆ కొండకి ఏమూలకీ చాలలేదు. దిసారి తన పని ముగించి, నా ఒక్కదాని కోసం ఇటు తిరిగి దగ్గాడు. ఆయన నాకు వరసకు మావ. నేను గుంటలోకి దిగాక అన్నాడు, "ఏటే కోడలా, మీ పాటలోళ్ళు ఈ యేడు నీళ్ళు తాగరేటి?"

"ఉపాసం కదా మావా."

"ఎండలు పోయినదాకానా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఉపవాసం నేను మానలేదు. శుక్రవారాలు సాయంత్రం ప్రార్థన దాకా మేం చుక్క నీళ్ళు ముట్టం. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఎండిన గొంతుతో బురద తట్టలు ఎత్తి పోశాను. పక్కవాళ్ళు దోసిళ్ళతో తాగుతున్నారు. అడుగున ఒక రాయి కదిలించగానే చల్లటి నీళ్ళు ఎగదన్ని నా కాళ్ళని తాకాయి. వంగితే చాలు. వంగలేదు. ప్రభువా, చూస్తున్నావు కదా, అని మాత్రం అన్నాను. చాప మీద మోకరించి చేసిన ప్రార్థనలేవీ నన్ను అంత లోతుకి దించలేదు.

సాయంత్రం కాళ్ళు కడుక్కోకుండానే చర్చికి వెళ్ళాను. కావాలనే. అయ్యగారు బురద చూశారు, నన్ను లేచి తప్పు ఒప్పుకోమన్నారు. లేచాను. ఊట బాగా ఊరుతోందని, రేపు అందరూ బిందెలు తెచ్చుకోవచ్చని చెప్పి కూర్చున్నాను.

తెచ్చుకున్నారు. మర్నాడు తెల్లారేసరికి చర్చి ఇళ్ళ బిందెలన్నీ వరసలో ఉన్నాయి, అయ్యగారింటి స్టీలు బిందెతో సహా. ఎవరూ నా ముఖం చూడలేదు. నేను మాత్రం అందరి ముఖాలూ చూశాను, ఒక్కొక్కటీ తీరిగ్గా.

ఈస్టరు ముందురోజు మా అత్త ద్రాక్షారసం కాచింది. సంతలో ఎండుద్రాక్ష కొని, నీళ్ళలో ఉడికించి, పిసికి వడకడతాం. ఆ పని ఎప్పుడూ అత్తదే. నాతో మాట్లాడకుండానే నేను తెచ్చిన బిందె వంచుకుంది.

పండగ ఉదయం ముందు వరసలోనే కూర్చున్నాను. అయ్యగారు రొట్టె పళ్ళెంతో వచ్చారు. చెయ్యి చాపాను. నన్ను దాటి పక్కావిడకి పెట్టారు. నేను చెయ్యి తీయలేదు. పళ్ళెం వెనక వరసల దాకా వెళ్ళింది, పాట అయిపోయింది, భుజం లాగేస్తోంది, చెయ్యి అలాగే ఉంది. మా దగ్గర అందరూ ఒకేసారి తింటారు. అందుకని ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

అప్పుడు మా అత్త తన ముక్కని ఒళ్ళో కొంగు మీద పెట్టుకుంది.

"అయ్యగారూ, రసం ఊట నీళ్ళతోనే కాసినాను. మా కోడలు తవ్విన నీళ్ళే. దానికి బల్ల నేదంటే మాకూ ఒద్దు. పారబోసీమంటే పారబోసేత్తాను."

ఎవరూ ముక్క నోట్లో పెట్టలేదు. అయ్యగారు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"తప్పని ఒప్పుకుంటారా సహోదరీ?" అని మెల్లగా అడిగారు.

"నేదయ్యగారూ."

"వచ్చే యేడు?"

"వచ్చే యేడూ ఎల్తాను. మీరూ రండి, పార నేనిత్తాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఏం ప్రార్థించుకున్నారో ఆయనకే తెలియాలి. చివరికి పళ్ళెంలో మిగిలిన రొట్టెలోంచి ఒక ముక్క తుంచి నా అరచేతిలో పెట్టారు. చిటికెనవేలి గోరంత. శిక్ష ఆ కొలతలో వేశారనుకుంటాను. ఆ కాస్త ముక్కనీ ఆయన కళ్ళలోకి చూస్తూ, తొందర లేకుండా నమిలాను.