ఎడమ చేతి అడవి

మా మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్లో లింకుగా వచ్చింది. రేపల్లెలో నేను డ్రాయింగ్ చెప్పే బడిలో అప్పుడు మూడో పీరియడు నడుస్తోంది. లింకు తెరిస్తే తెనాలిలో ఆయన ఇంటి వాకిలి, బల్ల మీద ఆయన, తల దగ్గర దీపం. ఎవరో లైవ్ పెట్టారు. చూస్తున్నవాళ్లు పంపే ఎర్ర గుండెలూ దండం పెట్టే చేతులూ బుడగల్లా లేచి ఆయన ముఖం మీదుగా పైకి పోతున్నాయి. ఫోన్ మూసేసి పిల్లల్ని మామిడికాయ గీయమన్నాను. హెడ్మాస్టరుగారికి చెప్పి రైలెక్కాను. నేను చేరేసరికి ఎత్తేశారు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆయన కళ్లు ఎంతుండేవో అంతే రాయాలని కూర్చున్నాను. ఆయన నాకు పని నేర్పారు, అన్నం పెట్టారు, చివర్లో నన్ను మోసం చేశారు. ఒక్కటి రాసి ఇంకోటి దాస్తే అబద్ధమవుతుంది.

మాస్టారు నాటకాలకు తెరలు వేసేవారు. పౌరాణిక నాటకంలో నటుడి వెనక వేలాడే దర్బారు, వీధి, చెరసాల, అడవి, అన్నీ ఆయన షెడ్డులో పుట్టినవే. చీరాల నుంచి ముతక గుడ్డ తెప్పించి గోడకు బిగించి, రంగుపొడిలో జిగురు కలిపి వేసేవారు. జిగురు ఎక్కువైతే తెర చుట్టినప్పుడు రంగు పెళుసెక్కి రాలిపోతుంది. తక్కువైతే నటుడి భుజానికి అంటుకుంటుంది. ఆయన జిగురును రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసి, చాలు అనో, ఇంకాస్త అనో చెప్పేవారు. ఎప్పుడూ తప్పలేదు.

నేను బాపట్ల పిల్లని. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి పాత దుప్పటి మీద బేత్లెహేము వీధి గీశాను. అది చూసిన హార్మోనిస్టు ఒకాయన మా నాన్నకు మాస్టారి సంగతి చెప్పాడు. ఇంటర్ అయ్యాక నాన్న నన్ను తెనాలి తీసుకెళ్లారు. మాస్టారు ఏమీ అడగకుండా కుంచె చాపారు. నేను ఎడమ చేత్తో అందుకున్నాను.

"ఏంటమ్మాయ్, పుర్రచెయ్యా?"

"అవునండి."

"ఎడం చేత్తో దేవుళ్లని వెయ్యకూడదు. దర్బారూ వద్దులే, సింహాసనం ఉంటది. అడవి వెయ్యి. అడవికి ఏ చెయ్యైతేనేం."

అలా నాకు అడవి దక్కింది. ఎడమ చెయ్యి ఒక్కటే కారణమా, మా చర్చి కూడా కారణమా అని చాలాసార్లు అనుకున్నాను. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

కానీ మిగతా విషయాల్లో ఆయన లాంటి మనిషిని నేను చూడలేదు. చుండూరు నుంచి వచ్చిన ఒక నాటక సమాజం పెద్దమనిషి నన్ను చూసి "ఆడపిల్ల నిచ్చెనెక్కడమేంటి మాస్టారూ" అన్నాడు. "ఎక్కిందెవరో నిచ్చెనకి తెలీదు లెండి" అని ఆయన రంగు కలుపుకుంటూ ఉండిపోయారు. మధ్యాహ్నం వాళ్లింట్లో ఎవరికేం పెడితే నాకూ అదే. సాయంత్రం స్టేషను దాకా నాతో నడిచి వచ్చి, బాపట్ల బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడేవారు. బండి ఆలస్యమైతే అక్కడున్న జనాన్ని చూపించి, ఎవరు దూరంగా ఉన్నారో, వాళ్ల తల ఏ ఎత్తులో కనపడుతోందో చెప్పమనేవారు. దూరాన్ని గుడ్డ మీదికి ఎలా తేవాలో నేను నేర్చుకున్నది ఆ ప్లాట్‌ఫారం మీదే.

ఒకసారి నా అడవిలో మోదుగుపూలు వేశాను. నాకు చాలా బాగున్నాయనిపించింది. ఆయన తడిగుడ్డ తెచ్చి తుడిచేశారు. "తెర అందంగా ఉండకూడదమ్మాయ్. తెర ముందు నిలబడ్డవాడు అందంగా ఉండాలి" అన్నారు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు మా బడి పిల్లలకు అదే మాట చెబుతున్నాను.

ఐదారేళ్లు గడిచాక ఆయన కళ్లకు మసకలు వచ్చాయి, చెయ్యి వణికేది. వీధి తెర కూడా నన్నే వెయ్యమన్నారు. తర్వాత దర్బారు వెయ్యమన్నారు. అప్పుడు నా ఎడమ చెయ్యి సంగతి ఎత్తలేదు. ఆయన వెనక కుర్చీలో కూర్చుని చెప్పేవారు, నేను వేసేదాన్ని. కింద మూలన పేరు మాత్రం ఆయనే రాసేవారు. తెరలన్నీ మాస్టారి పేరు మీద పోవడం ఆనవాయితీ. అందులో నాకు తప్పేమీ కనపడలేదు.

ఆ తర్వాత స్టేజీల మీదికి ఎల్ఈడీ తెరలు వచ్చాయి. అందులో అడవి ఊగుతుంది, జలపాతం దూకుతుంది, కావాలంటే జింక కూడా పరిగెత్తుతుంది. మమ్మల్ని అడిగేవాళ్లు తగ్గి, చివరికి లేకుండాపోయారు. చుట్టిన తెరలు షెడ్డులో నిలువుగా పెట్టి, పదకొండేళ్ల పని వదిలేసి, నేను రేపల్లె బడికి వెళ్లిపోయాను. ఆదివారాలు మాత్రం వచ్చి ఆయన్ని చూసి వెళ్లేదాన్ని.

అలాంటి ఒక ఆదివారం ఆయన వాకిట్లోనే ఎదురొచ్చారు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి తెరలన్నీ విప్పించి, అంగుళం అంగుళం ఫొటోలు తీసుకున్నారట. కళ్లకు తగిలించుకునే డబ్బా ఒకటి ఉంటుందని, అది పెట్టుకుంటే ఎటు తల తిప్పితే అటు బొమ్మే కనిపిస్తుందని, తెర లోపలికే నడిచి వెళ్లవచ్చని చెప్పారు. నమూనాకి ఆయన కళ్లకు పెట్టినప్పుడు చేతులు చాపుకుంటూ వెళ్లి మంచం కోడుకు కొట్టుకున్నారట. మోకాలి మీద దెబ్బ చూపించి చిన్నపిల్లాడిలా నవ్వారు. "హాలు తీసుకుని అందరికీ చూపిస్తారంట. రా అమ్మాయ్, మన అడవిలోకి వెళ్దువుగాని" అన్నారు.

మన అడవి అన్నారు. నేను కొత్త చీర కట్టుకుని ఆ హాలుకు వెళ్లాను.

డబ్బా పెట్టుకోగానే నా చెట్లన్నీ నిలబడి ఉన్నాయి. ఒక్కో చెట్టునూ విడదీసి, కొన్నిటిని ముందుకూ కొన్నిటిని వెనక్కూ నిలిపారు. మర్రి ఊడల మధ్య నుంచి నడిచాను. తల పైకెత్తితే కొమ్మలు. కుడిచేతివాళ్లు వేసే ఆకు కుడికి వాలుతుంది, నాది ఎడమకు వాలుతుంది. ముగ్గురు మనుషుల ఎత్తున నా కుంచె విసురు నాకే కనపడుతోంది. ఇంతలో చెవిలో మాస్టారి గొంతు వచ్చింది.

"ఈ అడవి నా ఒంటి చేతి పని. నా దగ్గర నేర్చుకోడానికి చాలామంది వచ్చారు. ఎవరూ నిలవలేదు."

మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని విన్నాను. అదే మాట.

సరాసరి మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో ఉన్నారు.

"అడవి ఎవరిదండీ మాస్టారూ?"

కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "వాళ్లు ఒక్క పేరే అడిగారమ్మాయ్."

"పేరు సంగతి సరేనండి. ఎవరూ నిలవలేదని ఎందుకన్నారు? నేను నిలవలేదా?"

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నేల చూస్తూ అన్నారు. "నువ్వు నిలిచావని చెబితే ఏది నీదో ఏది నాదో చెప్పమంటారు. కళ్లు పోయాక నేను వేసిందేముంది? చెప్పుకుంటూ పోతే నాకేం మిగులుద్ది?"

"అన్నీ మీవేనండి. అడవొక్కటి నాదని చెప్పండి, చాలు."

"ఇప్పుడొద్దు. నేను పోయాక నువ్వే చెప్పుకో."

ఆ రోజు ఆయన నాతో స్టేషనుకు రాలేదు. నేనూ రమ్మనలేదు. అదే ఆఖరు. ఏడాదిన్నరలో నాలుగుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. తప్పు చేశానా అంటే చేశాననే అనిపిస్తుంది. కానీ ఇప్పుడు చేసినా ఎత్తుతానని మాత్రం చెప్పలేను.

పెద్దకర్మ అయిన మర్నాడు అదే హాల్లో సంతాప సభ పెట్టారు. వచ్చినవాళ్లు చూడడానికి ఆ డబ్బాలు కూడా ఉంచారు. కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. ఆమెను పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆమె ల్యాప్‌టాప్‌లో మాస్టారు తన చేత్తో వేసిన పాత దర్బారు తెరనూ నా అడవినీ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టింది. కుంచె వాలులోనే తేడా తేటగా కనపడింది.

"నిజమేనండి, ఇది వేరే చెయ్యి. కానీ పేరు మార్చాలంటే ఆయన చెప్పాలి. రికార్డులో ఆయన మాట ఇంకోలా ఉంది" అంది. మళ్లీ తనే, "ఒక దారి ఉందండి. ఆయన గొంతు మా దగ్గర గంటల కొద్దీ ఉంది. మీరు ఒక వాక్యం చెప్పండి, ఆయన చెప్పినట్టే వస్తుంది. మాస్టారి అబ్బాయిగారు కూడా అభ్యంతరం లేదన్నారు" అంది.

నేను ఏం చెప్పానో నాకే తెలియదు. ఆమె టైపు చేసి నా చెవులకు తగిలించింది.

"ఈ అడవి వేసింది మా అమ్మాయి. పదకొండేళ్లు నా దగ్గర నిలిచింది."

అదే గొంతు. మాటకు ముందు ఆయన తీసుకునే చిన్న ఊపిరి కూడా ఉంది. హాల్లో జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను. ఆ ఒక్క మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో అది విన్నాక తెలిసింది. ఇంకోసారి వింటారా అని ఆమె అడిగింది. వద్దన్నాను. తీసేయమన్నాను.

"బాగా వచ్చింది కదండీ" అందామె, అర్థం కాక.

"బాగానే వచ్చిందమ్మా. ఆయన అనలేదు."

ఆమెకు అంతకన్నా చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. ఆ మాట ఆయన బతికుండగా ఇవ్వలేదు. చనిపోయిన మనిషి నోటి నుంచి దాన్ని లాక్కుంటే, ఆయన నాకు చేసిందే నేనూ ఆయనకు చేసినట్టు. పైగా నా కోపం నిజమైనది. మా ఇద్దరి మధ్య ఇంకా మిగిలింది అదొక్కటే. దాన్ని ఆ మిషనుకు ఇవ్వదలచుకోలేదు. అడవి నాదని నేనే నా నోటితో చెబుతున్నాను. నమ్మేవాళ్లు నమ్ముతారు.

ఆమె దాన్ని చెరిపేసింది. నేను చెప్పులు వేసుకుంటుంటే, హాలు మధ్యలో కొలకలూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లకు డబ్బాతో నిలబడి ఉంది. ఖాళీ నేల మీద చీర కుచ్చిళ్లు రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, ముళ్లు తగలకుండా, ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తోంది. ఆమె చెవిలో మాస్టారు, తన దగ్గర ఎవరూ నిలవలేదని చెబుతూ ఉండి ఉంటారు.