లైప్‌జిగ్ కిటికీకి దోహా టేపు

ఖతర్‌లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ముగిసిన మరుసటి ఏడాది నేను దోహాలో, ముషైరిబ్‌లోని ఒక ఆఫీసు భవనానికి ఏసీ విభాగం సీనియర్ ఇంజినీరుగా ఉన్నాను. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. చిల్లర్లు, అంటే నీటిని చల్లబరిచి అన్ని అంతస్తులకూ పంపే పెద్ద యంత్రాలు, నా అధీనంలో ఉండేవి. నా కింద కొందరు టెక్నీషియన్లు, వాళ్లందరికీ పెద్ద నిజామాబాద్ యూసుఫ్. నా పైన ఫెసిలిటీస్ మేనేజరు. ఆయన పైన ఎవరున్నారో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాకపోవడమే మా ఉద్యోగంలో క్షేమం.

ఖతర్‌లో మా వృత్తికి ఒకటే సూత్రం: బయటి గాలి లోపలికి రాకూడదు. ఆగస్టులో సముద్రం మీది తేమంతా గాలిలోనే ఉంటుంది. ఎవరైనా కిటికీ కాస్త తెరిస్తే ఆ తేమ ఏసీ గాలి వచ్చే చల్లని జాలీలకు పట్టి చుక్కలుగా కారుతుంది. దీన్ని మేం చెమట పట్టడం అంటాం. సమావేశంలో పెద్దల ఫైళ్ల మీద ఆ చెమట కారితే సంజాయిషీ ఇవ్వవలసింది నేనే. అందుకని కిటికీకి సందు కనిపిస్తే చాలు, వెండి రంగు అల్యూమినియం టేపు అతికించేవాణ్ణి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేమున్న విల్లా వాటాలోనూ అంతే. మా ఇంట్లో కిటికీలు అలంకారానికే ఉన్నాయని మా ఆవిడ విమల అనేది.

ఆ అక్టోబరులో మా అమ్మాయి కెజియా పబ్లిక్ హెల్త్ చదవడానికి జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లింది. విమల సూట్‌కేసులో గోంగూర పచ్చడి పెట్టింది. నేను ఒక టేపు చుట్ట, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టాను.

అక్కడి చదువుల బతుకు మాకు వీడియో కాల్‌లోనే తెలిసేది. హాస్టల్‌లో అంతస్తుకంతా ఒకటే వంటగది, ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో అర. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి బియ్యం, పాలు శనివారమే తెచ్చుకోవాలి. స్నానాల గది మాత్రం ఎవరిది వాళ్లదే. బట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేసుకునేది. ఇవన్నీ విమల అడిగి తెలుసుకునేది. నేను మాత్రం “ఫోను కిటికీ వైపు తిప్పమ్మా” అనేవాణ్ణి.

నవంబరులో ఒక రోజు కిటికీ దగ్గర బాగా చలిగా ఉంటోందని కెజియా చెప్పింది. నా చదువుకు ఇంట్లో గిరాకీ వచ్చింది అదే మొదటిసారి. ఫ్రేము తుడవడం, మూలలు, నిలువు సందులు అంటూ టేపు వేసే పద్ధతి వరుసగా చెప్పాను. అమ్మాయి కాస్త తటపటాయించింది.

“రోజుకి రెండుసార్లు కిటికీలు బార్లా తెరవాలని ఇక్కడ తలుపు మీద రాసిపెట్టారు డాడీ. ఇంత చలిలో కూడా అందరూ తెరుస్తున్నారు.”

“వాళ్లకి ఏసీ పని ఏం తెలుసమ్మా?” అన్నాను. యంత్రాలకు పేరుమోసిన దేశం గురించి మాట్లాడుతున్నానన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

అమ్మాయి ఆ రాత్రే టేపు వేసి పంపిన ఫోటోను మర్నాడు డ్యూటీలో యూసుఫ్‌కు చూపించాను. “మస్తు కొట్టింది సార్ టేపు. బిడ్డకు మీ చెయ్యే వచ్చింది” అన్నాడు. నిపుణులం ఇద్దరం ఏకగ్రీవంగా ఆమోదించాం.

కొద్దివారాలకు గదిలో తేమ ఎనభై శాతం చూపిస్తోందని కెజియా చెప్పింది. దోహాలో అయితే అంత తేమకు నేను మెట్లమీద పరుగెత్తేవాణ్ణి. కానీ టేపు వేసిన గదిలోకి తేమ ఎలా వస్తుంది? మీటరు చలికి చెడిపోయిందని తీర్పు చెప్పాను. తర్వాత అమ్మాయికి దగ్గు పట్టుకుంది. బీరువా వెనక గోడకు నల్లగా బూజు పట్టిందని ఫోను తిప్పి చూపించింది. బయటి నుంచి గోడలోకి నీరు దిగుతోందని తేల్చేసి, మా ఆఫీసులో లోపాలు రాసే పద్ధతిలో, నా హోదాతో సహా, హాస్టల్ వాళ్లకు మెయిలు పెట్టాను. వెంటనే తనిఖీ చేయవలసిందని కోరాను.

కోరినట్టే చేశారు. హాస్టల్ కేర్‌టేకర్ వచ్చి, బీరువా జరిపి బూజు చూశాడు. ఆ తర్వాత కిటికీ చుట్టూ తళతళలాడుతున్న నా పనితనం చూశాడు. గోడలో ఏ లోపమూ లేదు. చలికాలంలో అక్కడి బయటి గాలిలో తేమ బహు తక్కువ. తేమ పుట్టేది లోపలే, ఆరేసిన బట్టల నుంచి, స్నానం ఆవిరి నుంచి, మనిషి ఊపిరి నుంచి. అది బయటికి పోయే దారి నేను మూయించాను. క్రిస్మస్ లోగా గోడ బాగుపడకపోతే గది ఖాళీ చేయాలని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. సెమిస్టరు మధ్యలో ఆ ఊళ్లో విద్యార్థికి ఇంకో గది దొరకడం కష్టం. పైగా ముందు పరీక్షలు.

ఆ రోజు ఫోన్‌లో కెజియా ఏడవలేదు. నాకు భయం వేసింది అందుకే.

“అందరూ వద్దన్నారు డాడీ. మా డాడీకి తెలుసని చెప్పి అంటించాను. ఇప్పుడు గది పోతే ఎక్కడికి వెళ్ళను?”

టికెట్ తీసుకుని వెళ్లి నేనే గోడ తుడుస్తానన్నాను. విమల నా వైపు చూసింది. “మీరెళ్తే తలుపుక్కూడా టేపేసి వస్తారు. కూర్చోండి” అంది. కూర్చున్నాను.

కెజియా టేపు పీకి, జిగురు గోకి, మందు పెట్టి గోడ తుడిచింది. బట్టలు ఆరేయడానికి కింది అంతస్తులోని లాండ్రీ గదికి తీసుకెళ్లింది. పొద్దునా సాయంత్రం కోటు వేసుకుని కిటికీ బార్లా తెరిచేది. వీడియోలో అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. నోరు మాత్రం ఎత్తలేదు. మీటరు యాభైకి దిగింది, దగ్గూ తగ్గింది. మీటరుకు ఏ రోగమూ లేదని ఒప్పుకోవలసి వచ్చింది. క్రిస్మస్ ముందు కేర్‌టేకర్ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసి, సరేనని తలూపి వెళ్లాడు. గది దక్కింది. సంగతంతా విని యూసుఫ్ “గా దేశంల మనిద్దరికి నౌకరీ దొరకదు సార్” అన్నాడు.

ఏ భవనానికైనా ఏసీ లెక్క కట్టే ముందు అక్కడి బయటి వాతావరణం రాసుకోవాలి. కొత్తగా చేరిన ప్రతి ఇంజినీరుకూ మొదటి రోజున నేనే నేర్పిన పాఠం ఇది. మా అమ్మాయిని మాత్రం బయట ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. సలహా ఇవ్వడానికి అనుభవం ఒక్కటే చాలదని, అది ఎక్కడి అనుభవమో కూడా చూసుకోవాలని ఉద్యోగం చివర్లో తెలుసుకున్నాను.

మార్చిలో ఒక రోజు కెజియా ఫోన్ చేసింది. ఫ్రిజ్‌లో తన అర కింద నీళ్లు నిలుస్తున్నాయట, ఏం చేయాలని అడిగింది. నీళ్లు పోయే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“కేర్‌టేకర్‌ని అడుగమ్మా” అన్నాను.

“అడిగాను డాడీ. కిటికీ సంగతైతే నన్నడుగు, ఫ్రిజ్ సంగతి మీ నాన్ననే అడుగు అన్నాడు.”

పట్టరాని సంతోషం వేసింది. రంధ్రం ఎక్కడుంటుందో, దాన్ని దేనితో శుభ్రం చేయాలో వివరంగా చెప్పాను. అయితే దానికి ముందు, ఫ్రిజ్‌కు ఏ మాత్రం సంబంధం లేకపోయినా, అక్కడ బయట చలిగా ఉందా, ఎండ వచ్చిందా అని అడిగాను.