మొలతాడు తాళాలు, మందు మరిగిన ఎలుకలు

ఈ పొద్దు వంటింట్లో టీ గ్లాసుల చప్పుడు వినపడగానే, చక్కెర టీ మానమని డాక్టరు చెప్పిన సంగతి మరిచి నా కాళ్లు వాటంతట అవే లేచాయి. "ఎలకల్ని సాకి సాకి నువ్వూ ఎలకవే అయినావు పో" అని మా ఆవిడ నవ్వింది. తప్పేముంది!

ఏడో తరగతితో బడికి దండం పెట్టి, నందికొట్కూరు నుంచి కర్నూలు చేరి, ఒక పరిశోధనశాలలో ఎలుకలను చూసుకునే పనికి కుదిరినవాణ్ణి నేను. ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు గానీ, నా మంద ఫ్యాను కింద పడుకునేది.

అక్కడ పరిశోధన చేసే మా మేడం కడప ఆడబిడ్డ. ఎలుక మీట నొక్కితే ఒక దీపం వెలిగి, నల్లమందు జాతి మందు చుక్క దాని ఒంట్లోకి పోయేది. మరిగాక మందు ఆపేస్తే కొన్ని వారాలకు మీట జోలికి పోదు; మళ్లీ దీపం చూపిస్తే మాత్రం, మందు లేకున్నా పిచ్చిపట్టినట్టు నొక్కుతుంది. మెదడులో ఆ ఆశను మోసే దారి ఒకటుందని, దాన్ని మొద్దుబార్చి మూసేస్తే ఎలుక దీపం చూసీ ఊరుకుంటుందని మేడం నమ్మకం. ఆమె ఏళ్ల చదువంతా దాని మీదే నిలబడింది.

తీరా పరీక్ష రోజు, దారి మూసిన ఎలుకలూ నొక్కాయి. మేడం అన్నం మానేసి, ఊరికి పోతానని పెట్టె సర్దుకుంది. ఆమెను నవ్విద్దామని, ఎలుకలకు బుద్ధి చెబుతానంటూ గదిలోకి నడిచాను కదా, దీపం వెలగకముందే అన్నీ మీట దగ్గరికి ఉరికాయి! మందు బీరువా తాళాలు పోతాయనే భయంతో వాటిని మొలతాడుకే కట్టుకుని తిరిగేవాణ్ణి, అడుగేస్తే గలగల. నెలల తరబడి ఆ గలగల వెంటే మందు వచ్చేది. మందు ఆపిన వారాల్లో నేను సెలవు పెట్టి చేనిపనులకు పోయాను గనక, గలగలమన్నా ఇక మందు రాదని వాటికి తెలియనే లేదు; సరిగ్గా పరీక్షకు మోగుతూ దిగాను.

"మేడం, దొంగ ఈడే ఉండాడు! నా నడుము మోగుతాండాది!"

"ఎంత పని చేస్తివప్పా! నేను దీపం దారి మూస్తే, నువ్వు చెవి దారి తెరిచిపెట్టినావా?"

మర్నాడు మిగిలిన ఎలుకల వంతు. తాళాలు మేడం సంచిలో పడేసి, వట్టి మొలతాడుతో లోపలికి పోయాను. దీపం వెలిగింది. దారి మూయనివి నొక్కి నొక్కి అలిసిపోయాయి. మూసినవి మాత్రం పెళ్లికి వచ్చిన పెద్దమనుషుల్లాగా మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నాయి. మేడం చిన్నపిల్లలా ఎగిరింది. ఆమె పరిశోధన పుస్తకం మొదట్లో, కృతజ్ఞతలు చెప్పే పేజీలో, పెద్ద డాక్టర్ల సరసన, ఈ ఏడో తరగతివాడి పేరు అచ్చయింది. ఆ పేజీకి పటం కట్టించుకున్నాను.

ఇప్పుడు ఆ గదికి వేలిముద్ర తాళమంట, కిక్కురుమనదంట. మన కాలంలో తలుపులు, సైకిళ్లు, మనుషులు అందరం మోగుతూనే వచ్చేవాళ్లం. మందు కోసమైతేనేం, నా అడుగు చప్పుడుకు అంత ఆశగా తల తిప్పినవాళ్లు మళ్లీ నాకెవరూ దొరకలేదు.