పొడుగు ముక్కు ప్లగ్గులు

రాయగడ కొండల్లోని తెరుబలి ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసిన ఒక తెల్ల ఇంజనీరు, స్వదేశం పోతూ పోతూ తన ఎర్ర కారును అక్కడే పనిచేసే మా ఆయనకిచ్చి పోయాడు. రెండంటే రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు జానెడు ఎత్తు. అందులో కూర్చుంటే రోడ్డు మీద మేకలు కూడా మనకంటే ఎత్తుగా కనిపించేవి. కాలనీ ఆడవాళ్ళు దాన్ని చూసి కిసుక్కున నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్ళైన కొత్తలో దాని మీద చెయ్యేసి ఆయన నాకు మాటిచ్చాడు.

"దీన్ని బాగుసేసి నిన్ను బీమిలి అట్టుకెళ్తానే. సముద్రం పక్కనే ఆపుతాను. మీ అక్క గుమ్మంలోకొచ్చి సూడాల."

రైలెక్కి పోవచ్చుగా అంటారేమో. పోవచ్చు. రాయగడలో ఎక్కితే విజయనగరం ఎంత దూరం గనక, అక్కణ్ణుంచి భీమిలి పక్కనే! కానీ మా చర్చివాళ్ళను కాదని బయటి మనిషిని చేసుకున్నదాన్ని. ఒక్కదాన్నే సంచీ పట్టుకుని దిగితే "అప్పుడే సెప్పేమా లేదా" అనే నోళ్ళు అక్కడ బోలెడు. నేను ఆయన పక్కన కూర్చునే దిగాలి. ఆ పంతం నాది.

ఉప్పుగాలిలో పుట్టి పెరిగాను. ఈ కొండల్లో చలికీ ముసురుకీ నా ప్రాణం ఉసూరుమనేది. రాయగడ ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి నాగావళి కనిపించేది. ఆ నీళ్ళు ఎన్ని వంకర్లు తిరిగినా చివరికి సముద్రంలోకే పోతాయి కదా, వాటి పాటి యోగం నాకు లేకపోయిందే అని ఏడుపొచ్చేది. బస్సులో ఎవరైనా చూస్తారని కొంగుతో తుడుచుకునేదాన్ని.

ఆ కారుతో పెద్ద తలనొప్పి, ఇంజనులో నిప్పు రాజేసే ప్లగ్గులే. కొండదారిలో నెమ్మదిగా నడిపితే మసి పట్టి, దగ్గి దగ్గి ఆగిపోయేది. ప్లగ్గుల్లో వేడివి, చల్లవి అని రెండు రకాలుంటాయని ఆయనే నాకు నేర్పాడు. లోపలి పింగాణి ముక్కు పొడుగ్గా ఉంటే వేడి ప్లగ్గు. అది వేడిని పట్టి ఉంచి మసిని కాల్చేస్తుంది. ఉన్నచోటే చుట్టూ తిరిగే బండికి అది మంచిది. ముక్కు పొట్టిగా ఉంటే చల్ల ప్లగ్గు. మైదానంలో గంటల తరబడి పరిగెత్తే బండికి అదే కావాలి. వేడి ప్లగ్గు బిగించి అంత దూరం తోలితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

ప్లగ్గు కొనలో వంగి ఉండే కడ్డీకీ, మధ్య కడ్డీకీ నడుమ సందు సరిచేసే పని నాది. ఆయనవి అరటిపళ్ళంత వేళ్ళు. నావి సూదిమందు వేసే వేళ్ళు. సందు ఎక్కువైతే నిప్పురవ్వ దూకదు, తక్కువైతే రవ్వకు బలముండదు.

ఒక ఏడాది వానలు తగ్గాక నాకు సెలవు దొరికింది. వస్తున్నామని అక్కకు కబురు పంపాం. కొత్త ప్లగ్గులు బిగించడమే తరువాయి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి, ముందురోజు రాయగడలో కొన్న ప్లగ్గులు ఆయన బల్ల మీద పెట్టి ఉంచాడు. ఒకటి తీసి వెలుతురుకేసి పట్టాను. ముక్కు పొడుగు. రెండోదీ అంతే. నాలుగూ అంతే.

"ఏటండీ ఇవి? వేడివి కదా?"

"కొట్లో అయ్యే ఉన్నాయి."

"వీటితో బీమిలి దాకా తోలితే పిస్టన్ ఉంటాదా?"

"సూద్దాంలే. ముందు సందు సరిసెయ్యి."

సరిచెయ్యలేదు. మర్నాడు డ్యూటీ దిగి నేరుగా ఆ కొట్టుకే వెళ్ళాను. కొట్టాయన నన్ను ఎరిగున్నవాడే.

"రెండు రకాలూ ఉన్నాయి సిస్టరమ్మా. పొట్టివి తీసిస్తే మీ ఆయనే వద్దన్నాడు. ఏరి ఏరి పొడుగువే అట్టుకెళ్ళేడు."

ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టాను. ఆయన కారు పక్కన గొంతుక్కూర్చుని ఏదో తుడుస్తున్నాడు.

"నన్ను తీసుకెళ్ళడం ఇష్టం లేకపోతే నోటితో సెప్పలేరా? ప్లగ్గుల సేత సెప్పిస్తారేటి!"

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"దిగితే నువ్వు మళ్ళీ కొండెక్కవే."

"ఎవులన్నారు?"

"ఎవులో అనాలేటి? ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయింది. పెరట్లో ఒక్క బీరపాదైనా పెట్టేవా? పక్కింటోళ్ళని సూడు, ఆనప, మునగ, బొప్పాయి. మనింట్లో గడ్డి. ఉండాలనుకున్నోళ్ళు ఏదోటి నాటుకుంటారు."

పెరటివైపు చూశాను. గడ్డే. నర్సు పని ఎక్కడైనా దొరుకుతుంది, అక్క ఇంట్లో చోటుంది, ఆయన్నీ అక్కడికే రమ్మంటాను, రాకపోతే... అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ 'రాకపోతే' దగ్గర ఎప్పుడూ ఆగిపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఈ మనిషి గడ్డిని చూసి పట్టేశాడు.

ఆయన తలెత్తి నా నోటివంకే చూస్తున్నాడు. "తిరిగొస్తాను" అని ఒక్క మాటంటే చాలు, అప్పటికప్పుడు పోయి ప్లగ్గులు మార్చుకొచ్చేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. అదీ అబద్ధం కాదు.

అయినా ఆ మాట ఇవ్వకుండానే లోపలికెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. సందు కొలిచే గేజు రేకు పట్టీ పట్టనట్టు జారేదాకా కడ్డీని మెల్లగా తట్టి, ఆ పొడుగు ముక్కువి నాలుగింటికీ సందు సరిచేశాను. ఆయన బిగించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఒక్క దగ్గు లేదు. అంత బాగా ఆ కారు అంతకు ముందెన్నడూ నడవలేదు. ఇద్దరం ఎక్కి, కాలనీ గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాం.