ఏడో గది, ఎడమ తలుపు

రాజాంలో మా నాన్నది బట్టల కొట్టు. కొట్టు మీదే మా ఇల్లు. నాకు పదేళ్లప్పుడు నాన్న అన్నయ్యకి క్యాసెట్లు పెట్టి ఆడే వీడియో గేమ్ కొనిపెట్టాడు. అందులో ఒక ఆట ఉండేది. పాడుబడ్డ కోటలో గదులన్నీ దాటుకుంటూ పోయి కిరీటం వెతకాలి. ఏడో గదిలో ఎడమ తలుపు తీస్తే మనిషి బావిలో పడి చచ్చేవాడు, ఆట మళ్లీ మొదటికొచ్చేది.

ఆడింది అన్నయ్య. తెర మీది ఇంగ్లీషు చదివి చెప్పింది నేను. చీరల పెట్టెల్లో వచ్చే అట్టల మీద కోట మొత్తం గీసిందీ నేనే. రిమోట్ మాత్రం ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. అడిగితే నాన్న, "ఆడపిల్లవి, నీకేటే ఈ ఆటలు? ఆడికి దారి సెప్పు, సాలు" అనేవాడు. కిరీటం దొరికిన రోజు కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ కొడుకు ఘనత చెప్పుకున్నాడు. నా అట్టలు పొయ్యిలోకి పోయాయి.

మొన్న అన్నయ్య అదే ఆట ఎక్కడో సంపాదించి తెచ్చాడు. చుట్టూ మూగిన పిల్లలతో, "ఈ కోటంతా నానొక్కడినే గెలిసేసినాను" అంటున్నాడు. నాకు నలభై దాటాయి. అయినా సిగ్గు విడిచి అడిగాను.

"అన్నయ్యా, ఓపాలి నాకియ్యి."

తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నీకు రాదులేవే. దారి సెప్పు, సాలు."

అచ్చం నాన్న గొంతు. అప్పటికి ఏడో గది వచ్చింది. అట్టలు లేకపోయినా ప్రతి తలుపూ నాకు గుర్తుంది.

"ఎడమకెల్లు అన్నయ్యా" అన్నాను.